క్వయర్ చీర

గాజువాకలో ఫ్లోరెన్స్ టీచరు గొంతు వినని క్రైస్తవ ఇల్లు లేదు. పెళ్ళికైనా, భూస్థాపనకైనా ఆవిడ పల్లవి ఎత్తుకుంటేనే తక్కినవాళ్ళు అందుకునేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం మైకు పాడైన రోజున కూడా ఆఖరి బెంచీ దాకా వెళ్ళేది. ఇరవై ఏళ్ళ పైమాటే, క్రిస్మస్ ఉదయం అక్కడి చర్చిలో మొదటి పాట ఆవిడ నోటితోనే మొదలైంది.

గొంతుతో పాటు ఇంకో పేరు కూడా ఉండేది ఆవిడకి, నీటుగా ఉంటుందని. గంజి పెట్టిన చీర, దానికి తగ్గ జాకెట్టు, దానికి తగ్గ గాజులు. నెల తిరక్కుండా కనుబొమలు దిద్దించుకోవడం, తెల్లవెంట్రుక బయటపడకముందే రంగు వేసుకోవడం. ఆవిడది ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, అంటే చెప్పుకోవడానికే జీతం. భర్త శుభాకర్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఫిట్టరు. ఈ ఇద్దరి సంపాదన మీదే కూతురు రేచల్ నర్సింగు చదువుతోంది. అయినా ఫ్లోరెన్స్ గుమ్మం దిగిందంటే కొత్తవాళ్ళు ఆఫీసరు గారి భార్య అనుకునేవారు. అనుకుంటే నా సొమ్మేం పోయిందని ఆవిడా ఊరుకునేది.

అసలు క్వయర్ చీర అనేదాన్ని కనిపెట్టిందే ఆవిడ. ఆవిడ చేరిన కొత్తలో క్వయర్లో, అంటే చర్చి పాటల బృందంలో, ఎవరికున్నది వాళ్ళు కట్టుకొచ్చేవారు. పట్టుచీరలు ముందు వరసలో మెరిసేవి, నైలెక్స్ చీరలు తమంతట తామే వెనక్కి జరిగేవి. ఎంత బాగా పాడినా వెనక వరస వెనక వరసే. అది చూసి ఫ్లోరెన్స్‌కి ఒళ్ళు మండింది. "అందరం ఒకటే చీర కడదాం. ఎవుల బీరువాలో ఏటుందో దేవుడికి తప్ప ఇంకెవులికీ తెలీకూడదు" అని స్త్రీల సమాజంలో లేచి చెప్పింది. పూర్ణా మార్కెట్‌కి తనే వెళ్ళి, అందరికీ అందుబాటులో ఉండే వాయిల్ చీరలు హోల్‌సేల్లో తెచ్చింది. ఆ క్రిస్మస్‌కి క్వయరంతా ఒకే నీలం రంగులో నిలబడితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. మంచి ఆలోచనే. అందులో అబద్ధమేం లేదు.

కానీ మంచి ఆలోచనకి మన దగ్గర కొవ్వు పట్టడం ఎంతసేపు? వాయిల్ కాస్తా కాటన్ సిల్కు అయింది, కాటన్ సిల్కు కాస్తా పట్టు అయింది. జాకెట్లన్నీ ఒకే బొటిక్‌లో కుట్టించాలన్నారు. మెడలో పూసలు మ్యాచింగ్ అన్నారు. పండగ ముందురోజు అందరూ కలిసి పార్లర్‌కి వెళ్ళడం కూడా ఆచారంలో కలిసిపోయింది. ప్రతి మెట్టు దగ్గరా ముందు నిలబడి చప్పట్లు కొట్టింది ఫ్లోరెన్సే. ఓ ఏడాది ఎవరో పాత చీర కట్టుకోవచ్చా అని నసిగితే, "కొత్త కీర్తన పాడాలంటే కొత్త చీర కట్టాలమ్మా" అని జోకు కూడా వేసింది. చీర తీసుకోనివాళ్ళు ఆ రోజుకి క్వయర్లో నిలబడకూడదన్న రూలు అప్పుడు పెట్టిందే. అలా ఒకరిద్దరు రావడం మానేశారు. ఎందుకు మానేశారని ఎవరూ అడగలేదు.

పూర్ణా మార్కెట్‌కి వెళ్ళినప్పుడే ఇంకో పని కూడా చేసుకొచ్చేది. కొత్త సంవత్సరం రోజున చర్చిలో విధవరాండ్రకూ బీదలకూ చీరలు పంచుతారు. ఆ చీరల మూట ఎంచేదీ ఆవిడే. ఒకసారి కొట్టువాడు నిజాయితీగా చెప్పాడు, "ఇవి రంగు దిగుతాయి అమ్మా, చూసుకోండి" అని. ఫ్లోరెన్స్ నవ్వేసింది. "పర్లేదయ్యా, కట్టీది ఆళ్ళేగా. ఏరేగా ఉతుక్కుంటార్లే" అంది. ఆ ఏడాది నుంచి మూట ఆ కొట్టులోదే.

తరవాత ఫ్యాక్టరీలో శుభాకర్ గేటు పాసు రెన్యూవల్ కాలేదు. కాంట్రాక్టరు మారాడు, కొత్తవాడు సగం మందిని వద్దన్నాడు. ఆ సగంలో పడ్డాడు శుభాకర్. రేపో మాపో పిలుస్తారని కొన్నాళ్ళు యూనిఫాం ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. పిలవలేదు. రేచల్‌ది ఆఖరి ఏడాది, దాన్ని మధ్యలో ఆపడమంటే ఇద్దరి ప్రాణమూ ఒప్పలేదు.

పిండి కొద్దీ రొట్టె అంటారు. అయితే ఇంట్లో పిండి తగ్గినప్పుడు ఎవరి రొట్టె ముందు చిన్నదవుతుందో ఎవరూ చెప్పరు. మగవాడి పొదుపు సాయంత్రం సెంటర్‌కి వెళ్ళి టీ తాగకుండా తిరిగి రావడం. ఆడదాని పొదుపు నెత్తి మీద మొదలై కాళ్ళ దాకా దిగుతుంది. ఫ్లోరెన్స్ ముందు పార్లర్ మానేసింది, తరవాత రంగు డబ్బా మానేసింది. పాపిట దగ్గర వేలెడు తెల్లగా తేలింది. గంజి మానేసింది, గాజులు మానేసింది. చెప్పులకి కుట్లు వేయించింది. చీరలు కొనడమన్న మాట ఆ ఇంట్లోంచే పోయింది. ఎవరూ మెచ్చుకోలేదు. పైగా స్కూల్లో హెడ్మిస్ట్రెస్ పిలిచి, "టీచర్ గారూ, పేరెంట్స్ వస్తుంటారు, కాస్త ప్రెజెంటబుల్‌గా రండి" అంది. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ "ఏటి ఆంటీ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవారే. చేతిలో బాగోలేదని ఎవరికి చెప్తుంది? థైరాయిడ్ అని చెప్పింది. థైరాయిడ్‌కి ఉన్న మర్యాద లేమికి లేదు.

ఇవన్నీ ఓర్చుకుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనుకుని తనలో తనే నవ్వుకుంది కూడా. కానీ నవంబరు వచ్చింది. క్రిస్మస్ క్వయర్ చీర మాట వచ్చింది.

ఈమధ్య క్వయర్ బాధ్యతంతా నాగశ్రీది. బ్యాంకు మేనేజరు భార్య, మంచి పిల్లే, ఆంటీ ఆంటీ అంటూ తిరుగుతుంది. మీటింగులో ఆమె ఫోను తెరిచి మెరూన్ పట్టుచీర చూపించింది, సన్నటి జరీ అంచుతో. అందరూ ఆహా అన్నారు. ఫ్లోరెన్స్ గొంతు సవరించుకుంది.

"ఈ ఏడాదికి పోయినేడాది చీరలే కట్టుకుంటే ఏటైపోద్దమ్మా? ఒక్కసారేగా కట్టాం."

నాగశ్రీ గలగలా నవ్వింది. "అయ్యో ఆంటీ! కొత్త కీర్తనకి కొత్త చీర అని మాకు నేర్పిందే మీరు కదా!"

అందరూ నవ్వారు. ఫ్లోరెన్స్ కూడా నవ్వింది. నా దగ్గర లేవు అన్న చిన్న మాట నోటిదాకా వచ్చి, ఇరవై ఏళ్ళ గంజిచీరల కింద పడి నలిగిపోయింది. అడిగితే వాళ్ళే తలా కాస్తా వేసి కొనిచ్చేవారు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు. "నా చీర నాను తెచ్చుకుంటాన్లే, ఆ కొట్టు నాకు తెలుసు" అంది.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తిరగేసింది. ఎప్పటిదో మీగడ రంగు కాటన్ సిల్కు క్వయర్ చీర దొరికింది, సన్న జరీ అంచుదే. జాకెట్టుతో సహా పట్టుకుని బస్సెక్కి పూర్ణా మార్కెట్ వెనక సందులో రంగులు వేసే ఎల్లాజీ దగ్గరికి వెళ్ళింది. నాగశ్రీ పంపిన ఫొటో చూపించి, అచ్చం ఇదే రంగు రావాలంది.

"నేత మంచిదమ్మా, రంగు ఎక్కుతాది" అన్నాడు ఎల్లాజీ. "గానీ ఇంటికెల్లాక ఉప్పునీళ్ళల్లో నానబెట్టి రెండు మూడుసార్లు జాడించాల. నేకపోతే ఒంటికంటుకుంతాది. జాడిత్తే కూసింత వెలుత్తాది, అది మామూలే."

ఆ కూసింత దగ్గరే వచ్చింది చిక్కు. చీర ఆరాక తెచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే ఫొటోలో రంగుకీ దీనికీ తేడా లేదు. జాడిస్తే వెలుస్తుంది, వెలిస్తే పక్కన నిలబడ్డవాళ్ళకి తెలిసిపోతుంది. ఒక్క పూటకేగా అనుకుంది. జాడించలేదు. శుభాకర్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏటే ఇది, మనకీ తిప్పలేటి? ఈ ఏడాదికి మానీరాదూ?"

"మానీడానికి నాకింకేటి మిగిలిందండీ?" అంది ఫ్లోరెన్స్. శుభాకర్ గుమ్మం దిగాడు. వెళ్ళి బయట కూర్చున్నాడు.

క్రిస్మస్ ఉదయం చర్చి కిటకిటలాడింది. క్వయర్ మెట్ల మీద మెరూన్ చీరలు వరసగా నిలబడ్డాయి. వాటి మధ్య ఏ కన్నూ ఆమె చీరని వేరుగా పట్టలేదు. ఫ్లోరెన్స్ పల్లవి ఎత్తుకుంది. ఆ రోజు ఎంత బాగా పాడిందంటే, చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపారు. పాడుతున్నంతసేపూ ఆవిడకి పాసు గుర్తులేదు, పాపిట గుర్తులేదు. జనం ఊపిరికీ, నెత్తిమీద లైట్ల వేడికీ మెడవెంట చెమట కారుతున్న సంగతి కూడా గుర్తులేదు.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి భార్య, అందరూ అమ్మగారని పిలిచే పెద్దమనిషి, కళ్ళు తుడుచుకుంటూ నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చింది. "ఫ్లోరెన్సమ్మా, దేవదూతలా పాడావు" అని రెండు చేతులా కౌగిలించుకుంది. వదిలేసరికి అమ్మగారి తెల్ల పట్టుచీర భుజం మీద, ఛాతీ మీద, చేతుల మీద ఎర్రటి మరకలు. ఎవరో కెవ్వుమన్నారు, రక్తమనుకుని. నాగశ్రీ పరుగున వచ్చి ఫ్లోరెన్స్ మెడ చూసింది. మెడ కూడా ఎర్రగానే ఉంది. చీర కొంగు వేళ్ళమధ్య పట్టుకుని నలిపి, తన వేళ్ళు చూసుకుంది. అప్పుడు ఆమె మొహంలో కోపం లేదు. జాలి ఉంది. ఫ్లోరెన్స్‌కి కోపమైతే బాగుండేదనిపించింది.

"చీర పోతే పోయిందిలే అమ్మా" అంది అమ్మగారు. నిజంగానే అంది. "చెప్పొచ్చుగా మాతో? మేం లేమా?"

అక్కడితో అయిపోయింది. ఎవరూ ఒక్కమాట తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. కేకుముక్క చేతిలో పెట్టి, శుభాకర్ ఉద్యోగం గురించి మెల్లగా అడిగారు. మర్నాటికల్లా చర్చి అంతటికీ తెలిసింది. ఇంటికి బియ్యం సంచీ ఒకటి వచ్చింది, ఎవరు పంపారో తెలియకుండా. క్వయర్ వాట్సాప్ గ్రూపులో, ఆంటీకి ఈ టైంలో స్ట్రెస్ ఇవ్వొద్దు, కొత్త సంవత్సరం పల్లవి ఇంకొకరు ఎత్తుకుంటారు అని నాగశ్రీ మెసేజ్ పెట్టింది. కింద వరసగా దణ్ణాల బొమ్మలు పెట్టారు.

జనవరి ఒకటిన ఫ్లోరెన్స్ ఆడవాళ్ళ వైపు బెంచీ మీద కూర్చుంది. శుభాకర్ మగవాళ్ళ వైపు ఉన్నాడు. ఎవరో పిల్ల పల్లవి ఎత్తుకుంది, శ్రుతి జారింది, క్వయర్ తడబడింది. ఫ్లోరెన్స్ పెదవులు కదిలాయి గానీ గొంతు విప్పలేదు. ప్రసంగం అయ్యాక అమ్మగారు మైకు దగ్గరికి వచ్చింది.

"మన ఫ్లోరెన్సమ్మగారు ఒకసారి ముందుకి రావాలి."

పిలిచారు, పాట చెడిందని తెలుసుకుని తననే పిలిచారు. కీర్తనల పుస్తకం చేతిలోకి తీసుకుంది, పాత చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నడుస్తూనే గొంతు సవరించుకుంది, ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో మనసులో అనుకుంది. మైకు దగ్గర నిలబడి, అలవాటుగా ఊపిరి నిండా పీల్చుకుంది.

అమ్మగారు ఆ చేతుల్లో ఓ ప్లాస్టిక్ కవరు పెట్టింది. లోపల చీర. అప్పుడు చూసింది ఫ్లోరెన్స్, పక్కన వరసలో నిలబడ్డ విధవరాండ్రని. చేతుల్లో అవే కవర్లు. మైకులో అయ్యగారు బీదల కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఫొటో తీసే కుర్రాడు, "ఆంటీ, కాస్త ఇటు చూసి నవ్వండి" అన్నాడు. నవ్వింది. మగవాళ్ళ వైపు శుభాకర్ లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. మొగుడు బతికుండగా ఆ వరసలో నిలబడింది ఆ రోజు ఆవిడొక్కతే.

పీల్చుకున్న ఊపిరి ఇంకా లోపలే ఉంది. పాటగా పోవలసింది, ఎటు వదలాలో తెలియక నిలబడింది. కవరులోంచి చీర మడత కనబడుతోంది. కొట్టు ముద్ర కూడా కనబడుతోంది. ముద్ర చూడక్కర్లేదు, ఆవిడకి ఆ నేత తెలుసు, ఆ రంగు తెలుసు.

పక్కనున్న ముసలి మార్తమ్మ, చర్చి ఊడ్చే మనిషి, మెల్లగా మోచేత్తో తట్టింది. ఏళ్ళ తరబడి ఈ చీరలే కడుతున్న మనిషి. ఎవరు ఎంచారో ఆవిడకి ఏం తెలుసు? తన వరసలోకి కొత్తగా వచ్చిందన్న ప్రేమతో, చెవి దగ్గరకి వంగి చెప్పింది.

"ఏరేగా ఉతుక్కోమ్మా. రంగు దిగిపోతాది."

"తెలుసు మార్తమ్మా" అంది ఫ్లోరెన్స్.