సారంగపాణి వేడినీళ్ల గ్లాసు

ఆ రోజు కూడా సారంగపాణి పొద్దున్నే పక్కనున్న కట్టయ్య హోటల్ నుంచి గ్లాసెడు వేడినీళ్లు తెచ్చుకుని, స్టేషన్ రోడ్డులోని డ్రాయింగ్ గది తాళం తీశాడు. మధ్యాహ్నం ఛాతీలో నొప్పి అన్నాడు. రహీం రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాడు. సాయంత్రానికి ఆయన లేడు.

ఇద్దరూ కలిసి ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు. రహీం పదేళ్లు చిన్నవాడు. ఆరేళ్ల కింద పెన్నుల దగ్గర తగువు పడ్డారు. సారంగపాణికి కాలేజీ పిల్లల డబ్బాలో ఉండే రూలింగ్ పెన్ను చాలు: రెండు రేకుల మధ్య ఇంకు చుక్క వేసి, మర తిప్పి, గీత మందం సరిచేసుకోవడమే. రహీంకు మాత్రం అసలు డ్రాఫ్ట్స్‌మన్లు వాడే జర్మనీ పెన్నుల సెట్టు కావాలి: లోపలే ఇంకు నిండి, సూదంత సన్నటి గొట్టం మొనలోంచి గీత పడేవి.

"మన ఊరి ఎండకు అవి దినాం ఎండుకపోతయ్ తమ్మీ. కొత్తల్లుని లెక్క చూస్కోవాలె."

"నీకు కొత్తదంటెనే జరమొస్తది అన్నా. అవి ఒక్కపారి ఆగినా నేను బోర్డు ముట్ట. నెక్కొండ పోయి మా మామ బియ్యం దుకాణంల కూసుంట."

రహీం మాటంటే మాట మీద నిలబడే రకం. మామ అప్పటికే రెండుసార్లు కబురు పంపాడు. సారంగపాణి కళ్లద్దాలు ఏటేటా మందమవుతున్నాయి. రహీం పోతే ఆ గది మూతపడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

పెన్నులు బొంబాయి నుంచి వచ్చాయి. ఆరేళ్లలో ఒక్కనాడూ ఆగలేదు. రహీం విర్రవీగాడు. కిషన్ రావు ఇంటి ప్లాను మీద రూలింగ్ పెన్ను ఇంకు కక్కితే, "అన్న బాత్రూంల బాయి తవ్విండు" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. కడుపు కోసమని అన్న పొద్దున్నే తెచ్చుకునే వేడినీళ్ల గ్లాసునూ వదల్లేదు.

"కడుపుల కుంకుడుకాయలు నానబెడుతున్నవా అన్నా?"

"నీ పెన్నులకు ఓడిపోయిన, ఒప్పుకుంట. నా కడుపు జోలికి రాకు."

పదకొండో దినం అయిన మర్నాడు రహీం గది తెరిచి పెన్ను పట్టాడు. గీత పడలేదు. రెండోది తీశాడు, మూడోది తీశాడు. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఏమీ తోచక కట్టయ్య దగ్గరికి చాయ్‌కి వెళ్లాడు.

"పెన్నులు నానేసెటందుకు నీళ్లు కాగబెట్టాల్నా రహీం భాయ్?" అని అడిగాడు కట్టయ్య. "ఆయన గ్లాసు ఇగో, పక్కకే పెట్టిన. దినాం నువ్వు రాకముందే ఇంకుతోని నల్లగ జేసి పంపేటోడు. అందుల ఎవ్వలకు చాయ్ పోస్త?"