జోడుంగరాల్లో ఒకటి

కొరియాలోని జొంజు ఊళ్లో, ఓ సందులో వెండిపని చేసే మేంగ్ హక్సుకు తళతళలంటే ఒళ్లుమంట. సన్నటి ఉలితో వెండిమీద తామరరేకులు చెక్కి, ఆ గీతల్లో నలుపు దిగేదాకా గంధకం పొగ పెడతాడు. నెల తిరక్కుండా ఎవరో ఒకరు దాన్ని టూత్‌పేస్టుతో తెల్లగా రుద్ది తెస్తారు. "మెత్తటి గుడ్డతో తుడవమంటే అంట్లు తోమినట్టు తోముతారేం!" అని తిట్టి, చల్లారిన బార్లీ టీ ఓ గుక్క తాగి, మళ్లీ తిడతాడు.

ఆ ఉదయం బోరా అనే అమ్మాయి వాళ్ల నానమ్మ జోడుంగరాలు తెచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లు రెండూ కలిపి ఒకే వేలికి పెట్టుకునేవి. "తాతగారూ, ఒక్కదానికే మెరుగు పెట్టండి. రెండోది అలాగే ఉండనీండి" అంది. హక్సు సుత్తి బల్లమీద విసిరేశాడు. "జంటను విడగొడతావా? బుద్ధుందా పిల్లా? మీ నానమ్మ చూస్తే చెంప పగలగొడుతుంది!" "నానమ్మే పంపింది. నిన్న మా తాతయ్య పోయారు. ఒకటి ఆయన చేతిలో పెట్టి పాతిపెట్టాలట. ఇంత నల్లటిదాంతో పంపడమెందుకని మెరుగు నేనే అడుగుతున్నా." హక్సు ఒక ఉంగరం చేతిలోకి తీసుకున్నాడు. ఉంగరాన్ని వేళ్లమధ్య తిప్పాడు. లోపలి అంచు అరిగి పలచబడింది. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, దాన్ని ఆ పిల్ల అరచేతిలో పెట్టాడు. "మెరుగూ లేదు, గిరుగూ లేదు, పో!" అని కసిరాడు. "ఇది మీ నానమ్మ చేతి చెమటకు నల్లబడింది. తోమి తెల్లగా పంపితే, ఎవరో పరాయిదాని ఉంగరమనుకుని పారేయడూ ఆ ముసలాయన?"