కత్తెర గుర్తు జోలపాట

దిండు కనబడితే నాకిప్పటికీ ఆ అక్కే గుర్తొస్తుంది. కువైట్‌లో, జాబ్రియాలో నేను వంట చేసిన ఇంట్లో ఆమె పాపను చూసుకునేది. నాలాగే కడప మనిషి. పాటలు కట్టేది. కానీ ఒళ్లో పాపో, పాప లేకపోతే దిండో ఉండాలి. జోకొడుతూ ఉంటే తప్ప ఆమెకు పాట రాదు.

ఊళ్లో సర్పంచ్‌గా నిలబడ్డ ఆమె మరిది ప్రచారానికి పాట అడిగాడు. అక్క దిండు జోకొడుతూ "కత్తెర గుర్తుకే మన ఓటు" అని పాడి ఫోన్‌లో పంపింది. రోజూ మధ్యాహ్నం పాపకూ అదే పాడింది.

నాలుగు రోజులకే మరిది ఫోన్ చేశాడు. "ఏం పాట వదినా ఇది! ఆటోలో మైకు పెడితే జనం అరుగుల మీదే పండుకుంటాండారు. డ్రైవరూ తూగుతాండాడు!"

"నిద్రబుచ్చేది అంత సులువనుకుంటివా?" అంది అక్క గర్వంగా.

మరిది ఓడిపోయాడు. "ఖలాస్, ఇంక ఆ పాట ఎత్తను" అని అక్క ఒట్టేసుకుంది. ఆ మధ్యాహ్నం పాప వేరే ఏ పాటకూ కన్ను మూయలేదు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తూ "కత్తెల! కత్తెల!" అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. "యల్లా, అదే పాడు!" అని మేడ మీంచి అరిచింది పాప తల్లి.

అక్క పాపను ఒళ్లోకి లాక్కుని జోకొట్టసాగింది.

"నా బంగారూ, మా ఊళ్లో నీకొక ఓటుండుంటే ఎంత బాగుండు!"