ఆ పళ్ళెంలో నీళ్ళు పోసింది నేనే, ఆపా

నిన్న పొద్దున ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు మోగితే నాకు ముందు చెడే తోస్తుంది. ఈసారి నిజమే అయింది.

"అమ్మీ పోయింది ఆంటీ" అంది సబీహా.

పోపు మాడిన వాసన వచ్చేదాకా నాకు స్పృహ లేదు.

రజియా ఆపా సబీహా వాళ్ళమ్మ. హైదరాబాద్ వాళ్ళు. మా అబ్బాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని మేం సింగపూర్‌లో ఈ టాంపినీస్ వచ్చిన కొత్తలో, మా అంతస్తులో తెలుగులో పలకరించింది పక్క ఫ్లాట్ ఆపా ఒక్కతే.

నాకు చదువు తక్కువ. నేను చెబుతుంటే కోడలు టైప్ చేస్తోంది. ఇందులో ఒక సంగతి తనకీ ఇప్పుడే తెలుస్తుంది.

ఆపాకి మొక్కల పిచ్చి. అల్లుడి ఆఫీసు క్యాలెండర్‌లో ఒక ఫొటో చూసింది. చుట్టూ మంచు. ఆకు లేని కొమ్మల మీద పసుపు దారాలు చుట్టినట్టు పూలు. విచ్ హేజెల్ అట. ఆ కాగితం చింపి బ్యాగులో పెట్టుకుని నన్నూ నర్సరీకి లాక్కెళ్ళింది.

అక్కడి చైనా ముసలాయన చూసి నవ్వాడు. "హియర్ కెనాట్ లా, టూ హాట్. దిస్ వన్ కజిన్, కెన్" అని ఒక ఎర్రాకుల పొద చూపించాడు. దానికీ అలాంటి దారాల పూలే, కాకపోతే గులాబీ రంగు.

నేను నిండా పూసిన కుండీ పట్టుకున్నాను. ఆపా లాక్కుని పక్కన పెట్టింది.

"పూలు జూసి దీస్కుంటవా వదినె? ఇంటికి వొయ్యేసరికి రాల్తయ్. మొగ్గలు జూడు. మొదట్లకెల్లి కొమ్మలొచ్చినయా జూడు."

కుండీల అడుగు కూడా వంగి చూసి, వేళ్ళు బయటికి పొడుచుకొచ్చినవి వద్దంది. అలా రెండు ఎంచింది. తనకొకటి, నాకొకటి. మా గుమ్మం ముందు ఎండ పడదని నాది కూడా తన గుమ్మం ముందే పెట్టుకుంది.

నాకు భయం పట్టుకుంది. ఎండిపోతుందేమోనని రోజూ మధ్యాహ్నం ఆపా పడుకున్నాక వెళ్ళి నీళ్ళు పోసేదాన్ని. కింద పళ్ళెం నిండా నీళ్ళుంటే మంచిదే అనుకున్నాను.

ఇంతలో పక్క బ్లాకులో ఎవరికో డెంగీ అన్నారు. మనవరాలు అప్పుడు చంటిది. ఇక ఆపా కుండీలే కళ్ళ ముందు తిరిగాయి. ఆవిడతో అంటే నొచ్చుకుంటుందని, కింద ఊడ్పించే తమిళాయనకి వచ్చీరాని తమిళంలో చెప్పాను, ఆ ఇంటి ముందు దోమలున్నాయని.

పక్క గుమ్మం దాకా వెళ్ళలేని దాన్ని, పది అంతస్తులు దిగి వెళ్ళాను.

ఇక్కడ కోడలు టైప్ చేయడం ఆపి నా మొహం చూసింది. రాయమ్మా అన్నాను.

రెండు రోజులకి దోమల తనిఖీ వాళ్ళు వచ్చారు. ఒక్క పళ్ళెంలోనే దోమ పిల్లలు కనిపించాయి.

అది నాది.

ఇదెవరిదని అడిగారు. నేను మా తలుపు వెనకే ఉన్నాను. అబ్బాయి అప్పుడే ఇక్కడ ఉండిపోవడానికి పీఆర్‌కి పెట్టుకున్నాడు. నా పేరు రాసుకుంటే వాడికి రాదేమోనని తలుపు తీయలేదు.

"ఆల్ మైన్" అంది ఆపా.

జరిమానా కాగితం ఆవిడ పేరునే రాశారు. అల్లుడు ఇంక మొక్కలొద్దన్నాడు. అన్నీ పంచేసింది.

ఆ సాయంత్రం నాకు టీ ఇస్తూ, "ఎవలో చంటిపిల్లలున్నోల్లు భయపడి చెప్పిన్రేమో వదినె. నేనైనా గట్లనే జేస్తుంటి" అంది.

మా అంతస్తులో చంటిపిల్ల ఉన్నది మా ఇంట్లోనే.

తెలిసి అందో, తెలియక అందో. టీ తాగేసి వచ్చాను.

ఎనిమిదేళ్ళు పక్కపక్కన ఉన్నాం. ఆవిడ మళ్ళీ ఒక్క మొక్క కూడా తేలేదు. నేను చెప్పలేదు. చెబితే మాట్లాడటం మానేస్తుందని భయం.

నిన్న సబీహా నన్ను పట్టుకుని ఏడ్చింది. "అమ్మీకి మీరంటే ప్రాణం ఆంటీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి, నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ చోటు నాది కాదు. అయినా లేవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సబీహా, మీ అమ్మ తప్పేం లేదు. మీ ఆయనకీ చెప్పు. ఇది పోస్ట్ చేయగానే నీ దగ్గరికే వస్తున్నాను. లోపలికి రానివ్వకపోయినా నీ తప్పు కాదు.

ఆపా, క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు.

వెళ్ళిరా. నీ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.