ఆర్విడ్ దాచిన కొలత

మిషిగన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, రాగిగనులు మూతబడిన ఒక చిన్న ఊళ్ళో ఆర్విడ్ లెహ్టో ముప్పై ఎనిమిదేళ్ళు మరమ్మతు దుకాణం నడిపాడు. మొదట రేడియోలు, తరువాత టీవీలు, చివరికి కంప్యూటర్లు. బాగుచేసిన ప్రతి యంత్రానికీ దారంతో ఒక అట్టముక్క కట్టి, లోపమేమిటో, అది ఎందువల్ల కలిగిందో దాని మీద రాసి ఇవ్వడం అతని అలవాటు. కారణం రాయగలిగేదాకా యంత్రాన్ని గడప దాటనిచ్చేవాడు కాడు. "కారణం తెలీకుండా సామాను మార్చేవాడు మెకానిక్ కాదు, షాపువాడు" అని వేళాకోళం చేసేవాడు. అటువంటి మనిషి ఒకే ఒక్క యంత్రం విషయంలో అట్టముక్క మీద అబద్ధం రాశాడు.

ఆ యంత్రం వెర్నా సలో అనే ఆవిడది. గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న వెర్నా, చర్చి వారపత్రికను ఇంట్లో కూర్చుని తయారుచేసేది. డిసెంబరులో ఆమె కంప్యూటరు ఆగిపోయింది. లోపల కరెంటు అందించే పవర్ సప్లై కాలిపోయిందని గ్రహించి ఆర్విడ్ కొత్తది వేశాడు. జనవరి చివరికి అదీ కాలిపోయింది. మరొకటి అమర్చి దుకాణంలో మూడు రోజులు ఎడతెగకుండా నడిపి చూస్తే, యంత్రానికి ఏ వంకా కనబడలేదు.

"ఏం చేస్తున్నావు వెర్నా దీన్ని? కాఫీ గానీ ఒలకబోస్తున్నావా?"

"కాఫీ ఒలకబోసే వయసు నీది, నాది కాదు. చర్చి కబుర్లు టైపు చేస్తానంతే. అవి చదవలేక చచ్చిపోతోందేమో నీ డబ్బా." ఆమె కౌంటరు మీదికి వంగింది. "ఒకటి చెప్తాను, నవ్వకు. వంటింట్లో టోస్టరు వేస్తే నా గదిలో లైటు ఇంకా ఎక్కువగా వెలుగుతోంది. తగ్గాలి గదా?"

ఆర్విడ్ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే వోల్టులు కొలిచే మీటరు పట్టుకొని ఆమె ఇంటికి వెళ్ళాడు. అక్కడి ఇళ్ళకు కరెంటు రెండు పాయలుగా వస్తుంది. ఒక్కొక్క పాయ నూట ఇరవై వోల్టులు. ఆ రెండింటినీ సమంగా నిలిపి ఉంచేది న్యూట్రల్ తీగ. అది ఎక్కడైనా పట్టు సడలితే ఒక పాయలో తగ్గినంత రెండో పాయలో పెరుగుతుంది. టోస్టరు వేయించి చూస్తే వంటింట్లో నూట ఒకటి, వెర్నా గదిలో నూట ముప్పైతొమ్మిది. పవర్ సప్లైలను చంపుతున్నదేమిటో ఆర్విడ్‌కు తెలిసిపోయింది.

న్యూట్రల్ స్క్రూ సడలి ఉంటుందనుకొని అతను తెరిచింది బేస్‌మెంట్‌లోని స్విచ్చుల పెట్టె. దాని తలుపు లోపలివైపు, రెండేళ్ళనాటి తేదీ కింద, పని చేసినవాడి పేరు ఉంది: రేనో కంగాస్.

రేనో ఆర్విడ్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. ఊళ్ళో సగం ఇళ్ళకు తీగలు లాగినవాడు. చేతులు వణకడం మొదలయ్యాక తన లైసెన్సును తానే వదులుకున్నాడు. వెర్నా ఇంటి పని అతని చివరి పని. తప్పు ఆ వణికే చేతులదేననుకొని ఆర్విడ్, లోపలి స్క్రూలను తాకకుండానే తలుపు మూసివేశాడు.

పైకి వచ్చి, "ఆ పవర్ సప్లైల బ్యాచే మంచిది కాదు. ఇప్పుడు వేసినదానికి డబ్బులొద్దు" అన్నాడు. అట్టముక్క మీదా అదే రాశాడు. ఈస్టరుకు వెర్నా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు తాళం అడిగి తీసుకొని, తానే గుట్టుగా స్క్రూలు బిగించి రావాలని అతని ఆలోచన. మార్చి మొదట్లో మూడోది పోయింది. దానికీ డబ్బు తీసుకోలేదు.

ఈస్టరు ఇంకా పది రోజులుందనగా వెర్నా కంప్యూటరులోంచి పొగ వచ్చింది. మదర్‌బోర్డుతో పాటు వంటింటి ఫ్రిజ్ కూడా పోయింది. ఈసారి ఆమె ఆర్విడ్‌ను పిలవలేదు, రేనోను పిలిచింది.

రేనో వణికే చేతులతోనే పెట్టె విప్పి ప్రతి స్క్రూనూ పరీక్షించాడు. అన్నీ బిగువుగా ఉన్నాయి. బయటికి వచ్చి చూరు కిందికి తలెత్తి చూశాడు. స్తంభం నుంచి వచ్చిన తీగ ఇంటి తీగతో కలిసే చోట, కరెంటు కంపెనీ వేసిన అతుకు మంచుకు తుప్పుపట్టి పొడిపొడి అయివుంది. కంపెనీ మనిషి వచ్చి అరగంటలో మార్చి వెళ్ళాడు.

మరునాడు రేనో దుకాణానికి వచ్చాడు.

"జనవరిలోనే మీటరు పెట్టి చూశావట. ఎంత చూపించింది?"

"నూట ఒకటి. అటువైపు నూట ముప్పైతొమ్మిది."

"స్కూల్లో లెక్కలన్నీ నా పుస్తకంలో చూసి రాసేవాడివి, ఈ లెక్క మాత్రం నీకూ వచ్చు గదరా! ఇల్లు తగలబడేది, ఆర్విడ్. ఆవిడ లోపలుండగా!"

"నీ పేరు పోతుందని..."

"నా పేరా?" రేనో రెండు చేతులూ కౌంటరు మీద పెట్టాడు. "వీటిని చూసి అనుకున్నావు. 'ఒరే, నీ పని తగలడింది, వచ్చి చూసుకో' అని ఒక్క ఫోను చేసి తిట్టుంటే పది నిమిషాల్లో తేలిపోయేది. తిట్టడానిక్కూడా పనికిరానివాణ్ణయ్యానన్నమాట నీకు."

ఆర్విడ్ కోటు అందుకున్నాడు.

"పో, తప్పు నాది కాదని వెర్నాతో నువ్వే చెప్పు. నేను చెప్పుకుంటే బాగుండదు."

ఆర్విడ్ వెళ్ళి చెప్పాడు. వెర్నా ఏలకుల రొట్టె కోసి ముందు పెట్టింది.

"తెలుసు, కంపెనీ అతను చెప్పాడుగా. అసలు రేనోని నేను అనుమానించలేదు, నువ్వు డబ్బులొద్దనేదాకా."

"అంటే?"

"నీ జన్మలో ఎవరికైనా ఊరికే ఒక స్క్రూ ఇచ్చావా? నాకు రెండు పవర్ సప్లైలిచ్చావు. పైగా ఆ రోజు బేస్‌మెంట్‌లోంచి పాలిపోయిన మొహంతో వచ్చావు. కిందికెళ్ళి చూస్తే రేనో పేరుంది. మా చెల్లెలితో అన్నాను. దాని నోరు నీకు తెలుసుగా."

అప్పటికి ఆర్విడ్‌కు మరొక సంగతి అర్థమైంది. ఇరవై ఏళ్ళుగా చర్చిని వెచ్చగా ఉంచే బాయిలరునూ దీపాలనూ చూసుకుంటున్న రేనో దగ్గర నుంచి మార్చిలో చర్చి కమిటీ తాళాలు తీసుకున్నది ఆ మాట పాకడం వల్లనే. "చలిలో నీకెందుకు శ్రమ" అన్నారట. తన వయసును గౌరవించారనుకొని రేనో సంతోషంగానే ఇచ్చాడు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ కాఫీకి చేరినప్పుడు ఆర్విడ్ లేచి నిలబడ్డాడు. అంకెలు చెప్పాడు, అతుకు సంగతి చెప్పాడు, రేనో పనిలో వెంట్రుకవాసి లోపం లేదని చెప్పాడు. అంతా మర్యాదగా విన్నారు. కమిటీ పెద్ద ఎల్మా నీమి దగ్గరికి వచ్చి అతని మోచేయి నిమిరింది.

"నీలాంటి స్నేహితుడు దొరకడం రేనో అదృష్టం నాయనా."

"ఇది నిజం ఎల్మా. కంపెనీ వాళ్ళ తప్పే అది."

"అవును నాయనా, అవును" అంటూ ఆమె అతని కప్పు నింపింది.

వెర్నా కూడా అదే చెబితే, ఆమె మనసు మెత్తనిదన్నారు. ఆర్విడ్ ఎంత గట్టిగా చెబితే అంతగా స్నేహితుణ్ణి కాపాడే అతని మంచితనాన్నే మెచ్చుకున్నారు. తాళాలు మాత్రం రేనోకు తిరిగి రాలేదు.