స్టవ్ సాయిబు బిగించిన రబ్బరు

మిషన్ ఆస్పత్రి డాక్టర్ దొరసాని సాయంత్రం రైలుకు స్వదేశం పోతూ, చివరిసారి మా ఇంట్లో కాఫీ తాగుతానంది. ఆమె తన దేశం నుంచి తెచ్చి అమ్మకిచ్చిన రెండు అరల కాఫీ గిన్నెలో, కింది నీళ్ళ ఆవిరి తోస్తే కాఫీ పై అరలోకి ఎక్కాలి. ఆ రోజు ఎంత కాచినా ఎక్కలేదు. అమ్మ స్టవ్‌లు బాగు చేసే సాయిబును పిలిపించి, దొరసాని సంగతి చెప్పింది. ఆయన గిన్నె దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఆవిరంతా ఈడ పోతాండాదమ్మా. అరల నడుమ రబ్బరు అరిగిపోయుండాది.”

“కౌల్ బజారుకు పోయి తెచ్చేంత టైము లేదప్పా,” అంది అమ్మ.

ఆయన వాకిట్లోకి పోయి, తన సైకిల్ ట్యూబు లాగి, గుండ్రంగా కత్తిరించి, కడిగి బిగించాడు. కాఫీ బుసబుసమంటూ పైకొచ్చింది.

“అయ్యో, నీ సైకిలు?” అంది అమ్మ.

“నడిచిపోతా. ఆయమ్మ తాగకుండా పోతే ఎట్లమ్మా?”

ఆ దొరసానిని ఆయన ఎన్నడూ చూడలేదు. అమ్మ కాఫీ ఇస్తే అలవాటు లేదన్నాడు. ట్యూబులేని సైకిలును తోసుకుంటూ, ఎండలో అంత సంతోషంగా ఎందుకు వెళ్ళాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.