రేగడిలో వెడల్పు టైర్లు

మా బావగారికి ట్రాక్టరంటే పిచ్చి. బావగారంటే మా ఆయనకు అన్న. పర్చూరు వైపు మేము కౌలుకు చేసే పొలంలో దుక్కి దున్నాలన్నా, కల్లం నుంచి మిరపకాయలు ఇంటికి తోలాలన్నా ఆయన ట్రాక్టరే గతి. పొలం పనులు లేని నెలల్లో దాన్ని మార్టూరు తీసుకుపోయి గ్రానైటు రాళ్ళు తోలేవాడు. అందుకే దాని వెనక టైర్లు అరిగిపోయినప్పుడు ఇంట్లో పెళ్ళి సంబంధం చూసినంత తర్జనభర్జన జరిగింది.

పాతవి సన్న టైర్లు. షాపుల్లో థర్టీన్ సిక్స్ అంటారు. వెడల్పు పదమూడున్నర అంగుళాల పైచిలుకు. మా ఆయన మళ్ళీ అవే వేయించమన్నాడు. మా బావగారు మాత్రం సిక్స్‌టీన్ నైన్ మీద మనసు పడ్డాడు. అవి దాదాపు పదిహేడు అంగుళాలు. వాటికోసం రిమ్ములు కూడా మార్చాలి.

"ఒరేయ్, నేలకి ఎంత ఆనితే అంత పట్టు. దీనికి పెద్ద చదువులు కావాలా?" అన్నాడు బావగారు.

"రోడ్డు మీద సరే అన్నా. తడి రేగడిలో వెడల్పు టైరు పైపైనే జారుద్ది. సన్నదైతే బురదని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుద్ది," అన్నాడు మా ఆయన.

"తడిలో తోలమని ఎవడన్నాడ్రా? మిరపకాయలు తోలే రోజుల్లో వాన ఏందిరా నీ మొహం!"

మా ఊళ్ళో ఎవరినడిగినా అదే అనేవాళ్ళు. కాయ కోసేదే ఎండల్లో, ఆరబోసేదే ఎండకి. వానాకాలం సంగతి వానాకాలంలో చూసుకోవచ్చని వెడల్పు టైర్లే వేయించారు. అంతటితో ఆగలేదు. రాళ్ళ బండి లాగేటప్పుడు వెనక చక్రాలకు బరువుండాలని టైర్లలో ముప్పాతిక వంతు నీళ్ళు పట్టించారు. కొత్త టైర్లతో ట్రాక్టరు ఇంటికొచ్చిన రోజు మా బావగారు దాని చుట్టూ తిరిగిన తిరుగుడు చూసి మా తోడికోడలు, "నన్ను కూడా ఎప్పుడూ అట్టా చూళ్ళేదు," అంది. అందరం నవ్వాం.

అప్పటికి రెండేళ్ళుగా నల్లతామర పురుగు మా తోటల్ని పూత మీదే పీల్చేస్తోంది. ఈసారి కూడా కాయ ఇంటికి రాకపోతే పొలం వదిలేసి వెళ్ళమని ఆసామి, అంటే ఆ భూమి సొంతదారు, తేల్చి చెప్పాడు. ఆయనది గుంటూరులో కాపురం, మాట్లాడేదంతా ఫోన్లోనే. మాకు సొంతానికి సెంటు భూమి లేదు. ఆ పొలం పోతే నేనూ మా ఆయనా ఇంకొకళ్ళ చేలో కూలికి వంగాలి. కూలి చేయడం తప్పని నేననను. చేసినదాన్నే. కానీ మన చేను అని ఒకసారి అనుకున్నాక మళ్ళీ ఆ గట్టు మీద పరాయిదానిలా నిలబడడం నావల్ల కాదు.

దేవుడు చల్లగా చూశాడు, ఆ ఏడాది కాయ దిగింది. ఎర్రగా, నిగనిగలాడుతూ కల్లం నిండా పరుచుకుంది. దాన్ని చూస్తుంటే కడుపు నిండేది. అప్పుడే అల్పపీడనమన్నారు.

పొద్దున్నే కూలి మనుషులను పిలిచి టిక్కీలు తొక్కించాం. టిక్కీ అంటే మిరపకాయలు కాళ్ళతో అదిమి నింపిన పెద్ద గోనె బస్తా. కల్లం వాగు పక్కన పల్లంలో ఉంది. టార్పాలిన్లు కప్పితే పైన పడే వాన ఆగుతుంది గానీ, పక్కనుంచి వచ్చే వాగును ఏం పెట్టి ఆపుతాం? ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించి టిక్కీలు ఎక్కిస్తుండగానే చినుకులు మొదలయ్యాయి. ఆఖరి టిక్కీ ఎక్కేసరికి జోరువాన. కూలి మనుషులు వాళ్ళ ఇళ్ళు ఏమయ్యాయో చూసుకోవాలని పరుగెత్తారు. మేం ముగ్గురం మిగిలాం.

కల్లం నుంచి బళ్ళు తిరిగే డొంక దాకా మా చేలోంచే వెళ్ళాలి. కనపడే దూరమే. సగం కూడా పోకుండా ట్రాక్టరు ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడంలేదు. టైరు మీద ఏటవాలుగా ఉండే రబ్బరు గట్ల సందుల్లో రేగడి మెత్తి, ఆ సిక్స్‌టీన్ నైన్ కాస్తా రోకలిబండలా నున్నగా అయిపోయింది. బావగారు ఇంజను రేజు పెంచినకొద్దీ అది నేలను తవ్వుకుంటూ దిగిపోయింది.

"ఆపన్నా! ఇరుసు దాకా దిగబడుద్ది! టైర్లలో నీళ్ళు వదిలెయ్, బరువు తగ్గుద్ది," అని అరిచాడు మా ఆయన.

"బరువు తగ్గితే ఇంకా జారుద్దిరా ఎదవా!"

వాగు కల్లం అంచు దాకా వచ్చేసింది, వీళ్ళు బరువు గురించి వాదించుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నదమ్ములిద్దరూ అసెంబ్లీకి పోయి మాట్లాడుకోండి, ముందు బండి కదిలించండి!" అన్నాను. బావగారి ముందు అంత గొంతెత్తడం అదే మొదలు. ఆయన నొచ్చుకోలేదు. దిగి, టైరు నేలకి ఇంకాస్త ఆనుతుందని గాలి కొంత తీశాడు. లోపలి నీళ్ళు ఆయన మొహాన్నే చిమ్మాయి. అయినా బండి కదల్లేదు. పక్క చేలో పీకి పడేసిన పత్తి కట్టె మోపులు మోపులుగా తెచ్చి చక్రాల కింద తోశాం. టైరు దాన్ని నమిలి వెనక్కి ఉమ్మేసింది.

ఇంక అక్కడ చక్రాల కింద వేయడానికి ఏమీ లేదు. చుట్టూ నీళ్ళు, బురద. మా ఆయన గట్టు మీద చతికిలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ట్రక్కులో ఉన్న టిక్కీల వైపు చూశాను. బావగారూ అటే చూస్తున్నాడు. ఆయన నోటితో అనలేడని నాకు తెలుసు. నేనే ట్రక్కెక్కి ఒక టిక్కీని కిందికి దొర్లించాను.

"వద్దమ్మాయ్," అన్నాడాయన.

"అన్నీ పోయేకంటే కొన్ని పోనివ్వండి బావగారూ."

రెండు చక్రాల ముందూ రెండు టిక్కీలు పెట్టాం. టైరు వాటి మీదికి ఎక్కింది. గోనె పిగిలింది, కాయ చితికింది, ఆ ఘాటుకు ముగ్గురికీ ఊపిరాడలేదు. కానీ పట్టు దొరికింది. ట్రాక్టరు తన పొడుగంత ముందుకు జరిగి మళ్ళీ దిగబడింది. మళ్ళీ రెండు. మా ఆయన కూడా లేచి వచ్చాడు. ఇద్దరం దగ్గుతూ, కళ్ళు మండిపోతూ, మేం పెంచిన పంటను మేమే మోసుకెళ్ళి చక్రాలకు మేత వేశాం. ఇంత ఘోరం పగవాళ్ళకి కూడా వద్దు.

డొంక ఎక్కేసరికి ట్రక్కులో అడుగున కొన్ని టిక్కీలు మిగిలాయి. వెనక్కి తిరిగితే చేను మధ్యలో మోకాలి లోతు చక్రాల గాళ్ళు, వాటి నిండా ఎర్రటి నీళ్ళు. మా బావగారు సీటు దిగలేదు. స్టీరింగు మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

వాన వెలిసిన మర్నాడు ఆసామి ఫోన్ చేశాడు. ఎవరో అప్పటికే ఫొటోలు పంపారు. మిగిలిన కాయ సంగతి చెప్పబోతే ఆయన వినలేదు.

"చేనంతా గాళ్ళు పెట్టారంటగా. నీళ్ళు నిలిచి చవుడు తేలుద్ది. చదును చేసి అప్పగించండి, వేరే వాళ్ళని చూసుకున్నా."

"కాయ పూర్తిగా పోలేదండీ. కొంత ఇంటికి చేర్చామండీ. ఇంకొక్క ఏడాది చూడండి," అన్నాను. మా ఆయన గోడకు చేరగిలబడి నేలచూపులు చూస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డ బావగారు గబగబా నా దగ్గరికొచ్చాడు.

"సన్న టైర్లు వేయిస్తానని చెప్పమ్మాయ్. ఇయ్యాళే ఈ టైర్లు పీకించేస్తానని చెప్పు," అన్నాడు చిన్నగా.

"సన్న టైర్లు వేయిస్తామండీ," అన్నాను ఫోన్లో. "థర్టీన్ సిక్స్ అండీ, సన్నవి. ఇంకెప్పుడూ మీ చేలో గాడి పడనివ్వం. తడిలో అసలు బండే దించం. వినపడుతోందా అండీ?"

ఇంకా ఏదేదో చెప్పుకుపోతుంటే మా ఆయన లేచొచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఆసామి ఎప్పుడో పెట్టేశాడు.